డేగిసా పట్టే సింకు

సింకు కొనడానికి డేగిసా ఎందుకని అడిగాను. మెల్లగా కూడా అడగలేదు, పక్క వాటాల వాళ్ళకి వినపడేటట్టు అడిగాను.

"చెప్పులు కొనడానికి ఎళ్ళేటప్పుడు కాలు ఇంట్లో పెట్టి ఎళ్తావా నువ్వు?" అంది మాణిక్యం.

మాణిక్యం నా భార్య. ఆ డేగిసా మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గిన్నె. ఆటోనగర్‌లో నాకు లారీలకి కమాన్ పట్టీలు, అంటే కింద స్ప్రింగులు, వేసే షెడ్డు ఉంది. షెడ్డులో పనిచేసే వాళ్ళందరికీ మధ్యాహ్నం అన్నం మా ఇంటి నుంచే వెళ్తుంది. అది వండేది ఆ డేగిసాలోనే. మా పాత సింకులో అది పట్టదు. అందుకని రోజూ దాన్ని బాత్‌రూమ్‌లోకి మోసుకెళ్ళి, పంపు కింద పెట్టుకుని, నడుం వంచి తోముతుంది. పాత సింకు అడుగున తుప్పు తిని కారడం మొదలయ్యాక, ఈసారి డేగిసా పట్టే సింకే కొనాలంది. న్యాయమైన మాటే. నేను కాదనలేదు. కానీ అడుగంతా మసి పట్టి, ఒక పక్క సొట్టపోయిన గిన్నెని బందరు రోడ్డు మీద ఏసీ షోరూమ్‌కి మోసుకుపోవడం ఏమిటి?

"టేపుతో కొలుచుకుని పోదామే. కొలతలు నాకొచ్చుగా," అన్నాను.

"నీ కొలతలు లారీలకి. మొన్న ఫ్రిజ్జుకి కొలిచావు. ఇప్పుడు దాని తలుపు సగమే తెరుచుకుంటంది."

డేగిసాని పాత తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. నేను ఆ పక్కనే, చొక్కాకి మసి అంటకుండా ఓరగా కూర్చున్నాను.

ఆ చొక్కా సంగతి చెప్పాలి. తెల్ల చొక్కా, ఇస్త్రీ చేయించింది. గోళ్ళ సందుల్లో గ్రీజు కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి పోగొట్టుకున్నాను. సింకు కొనడానికి అంతగా తయారవడమెందుకంటారేమో. ఏడో తరగతిలో బడి మానేసి షెడ్డులో చేరిన దగ్గర్నుంచీ నన్ను కూర్చోమన్న మనిషి లేడు. నాకన్నా పదేళ్ళు చిన్నవాడైన లారీ ఓనరు కూడా "ఏరా కోటీ, అయిందా?" అంటాడు. బ్యాంకుకి వెళ్తే చొక్కా చూసి పక్కన నిలబడమంటారు. ఆసుపత్రికి వెళ్తే "పేషెంటు తాలూకు ఎవరైనా చదువుకున్నవాళ్ళు ఉన్నారా?" అంటారు. వాళ్ళ బళ్ళు ఆగిపోయినప్పుడు మాత్రం నా చదువు ఎవరికీ అడ్డం రాదు. అందుకని కొత్త చోటికి వెళ్ళేటప్పుడు నేను వేషం వేసుకుని వెళ్తాను. సిగ్గేముంది, అందరూ వేస్తున్నదే.

ఆటో దిగాక మాణిక్యం డ్రైవరుతో తగువు పెట్టుకుంది. ఒప్పుకున్న దానికన్నా వాడు ఎక్కువ అడుగుతున్నాడు. నేను ఆగలేదు. షోరూమ్ ముందు రోడ్డు మీద నిలబడి అరుచుకునే వాళ్ళలో ఒకణ్ణి కావడం ఇష్టంలేక, అద్దాల తలుపు తోసుకుని ముందు లోపలికి వెళ్ళిపోయాను.

"రండి సార్, రండి. కూర్చోండి సార్," అంటూ ఒక కుర్రాడు ఎదురొచ్చాడు. టై కట్టుకున్నాడు. జేబు మీద సిద్ధార్థ అని పేరు. మెత్తటి సోఫా చూపించాడు. "మీ పేరు సార్?"

"రామకోటేశ్వరరావు."

"రామకోటేశ్వరరావు గారికి ఒక కాఫీ!" అని లోపలికి కేకేశాడు.

నా పేరు అంత పొడుగుందని నేనే మర్చిపోయాను.

"సార్ బిజినెస్సా?"

"ఆటోమొబైల్స్," అన్నాను. అబద్ధం కాదు.

రెండు తొట్లున్న నల్లటి సింకు ఒకటి చూపించాడు. గీత పడదట, మరక పట్టదట. ఒక తొట్టి మీద గాజు మూత ఉంది. దాని మీదే కూరగాయలు తరుక్కోవచ్చట. నేను గాజు మీద వేలితో తట్టి, తెలిసినవాడిలా తలూపాను. అతను ప్రతి మాటకీ చివర సార్ అంటున్నాడు. వినడానికి హాయిగా ఉంది. ఏం దాచుకోను, చాలా హాయిగా ఉంది.

అప్పుడు మాణిక్యం భుజంతో తలుపు తోసుకుని వచ్చింది. డేగిసా చంకన పెట్టుకుంది. తువ్వాలు జారి, మసి బయటపడింది. కొంగుకీ అంటింది. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. రబ్బరు చెప్పులు ఆ నున్నటి నేల మీద కీచుమంటుంటే నేరుగా నా దగ్గరికే వచ్చింది.

సిద్ధార్థ గిన్నెని చూశాడు, ఆమెని చూశాడు, నన్ను చూశాడు.

"ఓ, పనావిణ్ణి తీసుకొచ్చారా సార్? మంచి పని చేశారు. వాడేది వాళ్ళేగా," అని నవ్వాడు. "మేడమ్ గారు రాలేదా సార్?"

"ఈవిడే మేడమ్" అంటే అయిపోయేది. ఆ కుర్రాడు నాలిక కరుచుకునేవాడు. మాణిక్యం వాణ్ణి ఆటపట్టించేది. సరిగ్గా అప్పుడే కాఫీ నా చేతికి వచ్చింది, సాసరుతో సహా.

"రాలేదు," అన్నాను.

మాణిక్యం అడుగు దూరంలో ఆగిపోయింది. వినపడలేదని సరిపెట్టుకోవడానికి లేదు. నా మొహంలోకి చూసింది. నేను కాఫీలోకి చూశాను.

"అమ్మగారికి ఎండ పడదు బాబూ," అంది. "ఇంటికాడే ఉన్నారు. నన్ను చూసి రమ్మన్నారు. అంతేగా అయ్యగారూ?"

నేను అవుననలేదు, కాదనలేదు. సిద్ధార్థ నల్ల సింకు గురించి మళ్ళీ మొదలుపెట్టాడు. మాణిక్యం అంతా విని, డేగిసాని ఒక తొట్టిలో పెట్టింది. అది లోపలికి దిగలేదు. మధ్య గోడ మీద ఎక్కి ఒరిగి కూర్చుంది.

"చూశారా అయ్యగారూ? మీరైతే మూత చూసి కొనేసేవారు."

అవతల కుళాయిలు చూస్తున్న మొగుడూ పెళ్ళాలిద్దరు ఇటు తిరిగారు. మాణిక్యం ఒక్కో సింకులో డేగిసా పెట్టడం, చెయ్యి లోపలికి పెట్టి చుట్టూ తిప్పి చూడడం, "ఇందులో తోమేటప్పుడు మోచెయ్యి కొట్టుకుంటది" అని తీసెయ్యడం. ఇంకోదాని ముందు నిలబడి, తోముతున్నట్టు వంగి, "ఇది లోతెక్కువ, సాయంత్రానికి నడుం పడిపోద్ది" అనడం. ఆ పెళ్ళాం దగ్గరికి వచ్చి మరీ చూసింది.

"అబ్బ, ఎంత బాగా చూస్తోందండీ! మా పనమ్మాయి గిన్నెలకి సొట్టలు పెట్టడమే గానీ," అంది నాతో. "మాకూ ఇలాంటావిడ దొరికితే బాగుండు. జీతం ఎంతిస్తారండీ?"

నేను నోరు తెరిచాను. మాణిక్యం అందుకుంది.

"జీతం లేదమ్మా. తిండీ బట్టా."

"అయ్యో, అదేంటి! వేరే ఇల్లు చూసుకోలేకపోయావా?"

"అలవాటు పడిపోయానమ్మా. అయ్యగారు కాస్త నోటి దురుసు గానీ, ఇంట్లోవాళ్ళని పదిమందిలో తక్కువ చెయ్యరు."

వాళ్ళు నవ్వారు. సిద్ధార్థా నవ్వాడు. నన్ను చూసి మెచ్చుకోలుగా నవ్వారు, అదీ బాధ. ఇప్పుడైనా చెబుదామంటే, మరి ఇందాక ఎందుకు చెప్పలేదంటారు. ఆలస్యమవుతున్న కొద్దీ ఆ మాట బరువెక్కిపోతోంది.

"ఏవండీ, ఆవిడ..." అని లేవబోయాను.

"అయ్యగారూ, కాఫీ చల్లారిపోద్ది," అంది మాణిక్యం, నా వైపు తిరగకుండా.

కూర్చున్నాను. కూర్చుని తాగాను కూడా.

చివరికి ఒకే తొట్టి ఉన్న, వెడల్పాటి మామూలు స్టీలు సింకు తీసుకుంది. డేగిసా అందులో దిగి, చుట్టూ చెయ్యి తిరగడానికి చోటు మిగిలింది. "ఇది రాయండి బాబూ. అమ్మగారికి నచ్చుద్ది," అంది.

బయటికొచ్చాక నేను ఆటో ఆపాను. ఆమె బస్సు స్టాపు వైపు నడుస్తోంది.

"ఎక్కవే," అన్నాను.

"ఆడోళ్ళకి బస్సు ఫ్రీ. పైగా పనోళ్ళం, తమరి పక్కన కూర్చుంటే ఏం బాగుంటది?" అంది. డేగిసా చంకనెత్తుకుని బస్సెక్కేసింది. ఆటోవాడు నన్నూ బస్సునీ మార్చి మార్చి చూశాడు.

ఇంటికొచ్చాక ఏడుస్తుందనుకున్నాను, లేదా దులిపేస్తుందనుకున్నాను. ఈ రెండూ నాకు అలవాటే. రెండూ చెయ్యలేదు. వేళకి అన్నం పెట్టింది. "అయ్యగారూ, వడ్డించాను." పొద్దున్నే "అయ్యగారూ, నీళ్ళు కాగినయ్." షెడ్డుకి క్యారేజీలు కట్టి "అయ్యగారూ, సిద్ధం." ఎక్కడా వెటకారంగా సాగదీయదు. నిజంగా పనావిడ అన్నట్టే, ఒద్దికగా అంటుంది.

"అమ్మేంటి నాన్నా, నిన్ను అయ్యగారంటంది? ఏదన్నా సీరియల్లో పెట్టారా?" అని మా అమ్మాయి చిన్ని నవ్వింది. డిగ్రీ చదువుతోంది.

"మీ నాన్ననే అడుగు," అంది మాణిక్యం.

అది నా వైపు తిరిగింది. "ఏదో తమాషాకి లేమ్మా," అని చొక్కా తగిలించుకుని షెడ్డుకి వచ్చేశాను. కన్నకూతురి మొహం చూడలేక పారిపోయి రావడం అదే మొదలు. ఆ రోజు ఒక పట్టీకి బోల్టు సరిగా బిగించలేదు. లారీ ఓనరు "కళ్ళు నెత్తికెక్కినయ్యారా కోటీ" అంటే, ఎప్పుడూ వచ్చే కోపం కూడా రాలేదు.

సింకు వచ్చింది. ప్లంబరు బిగించి వెళ్ళాడు. మాణిక్యం మొదటిసారి డేగిసాని నిలబడి, నడుం వంచకుండా తోముకుంటోంది. ఆ పని కోసం ఎన్నాళ్ళు ఎదురుచూసిందో నాకు తెలుసు. ఆమె మొహంలో ఆ సంతోషం లేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"తప్పయిపోయింది మాణిక్యం."

పీచు ఆగింది. "నాకెందుకు చెప్పటం?"

"మరెవరికి చెప్పమంటావే?"

"నేను నీ పెళ్ళాన్నని నాకు తెలీదా? తెలీనోళ్ళకి చెప్పు. ఎక్కడ రాలేదన్నావో అక్కడికెళ్ళి, వచ్చిందని చెప్పు." మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. "నాకేం సన్మానం చెయ్యక్కర్లేదు. ఆ మాట చెప్పిరా, చాలు."

మర్నాడు మధ్యాహ్నం షెడ్డు నుంచి అటే వెళ్ళాను. చొక్కా మార్చుకోలేదు. తెల్ల చొక్కా వేసుకుంటే మళ్ళీ నోరు పెగలదని భయం. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. ఆ కుర్రాడు తెల్లబోతాడు, అందరి ముందూ నా తల తీసేసినట్టవుతుంది, కావాలి, అలాగే కావాలి అనుకున్నాను.

సిద్ధార్థ ఎవరికో కుళాయిలు చూపిస్తున్నాడు. నన్ను చూసి, "డెలివరీ బండి అయితే వెనక వైపండీ," అన్నాడు.

"నేను మొన్న సింకు కొన్నాను."

"ఓ. చెప్పండి. లీకేజీనా?"

"అది కాదు బాబూ. ఆ రోజు నాతో ఒకావిడ వచ్చింది. డేగిసా పట్టుకుని."

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఆ మాట ఒప్పుకోవాలి. "చాలామంది తెస్తారండీ గిన్నెలు. కొందరు కుక్కర్లు తెస్తారు, ఇడ్లీ పాత్రలు తెస్తారు. మేమే తెచ్చుకోమంటాం. ఏ సింకు తీసుకున్నారు?"

"మేడమ్ గారు రాలేదా అని అడిగావు. రాలేదన్నాను. వచ్చింది. ఆవిడే నా భార్య."

కుళాయిలు చూస్తున్న ఆసామి తలెత్తి నన్ను ఎగాదిగా చూశాడు.

"అవునా అండీ," అన్నాడు సిద్ధార్థ. ఇంకేదో వస్తుందేమోనని ఒక క్షణం ఆగాడు. "అయితే... సింకుతో ఏం ప్రాబ్లమ్ లేదుగా?"

"లేదు."

"సరేనండీ. ఏమన్నా ఉంటే ఫోన్ చెయ్యండి." అని ఆ ఆసామి వైపు తిరిగాడు. "ఇది చూడండి సార్, ఇది ఎటు కావాలంటే అటు తిరుగుద్ది సార్."

ఎవడి కళ్ళలో పెద్దమనిషిగా కనపడాలని నా పెళ్ళాన్ని లేదన్నానో, వాడికి నేనే గుర్తులేను. అక్కడ ఇంకాసేపు నిలబడ్డాను. సోఫాలో ఇంకెవరో కూర్చుని కాఫీ తాగుతున్నారు.

ఇంటికి వెళ్ళేసరికి మాణిక్యం సింకు దగ్గరే ఉంది. నా బట్టలు చూసి, నేను ఎక్కడి నుంచి వస్తున్నానో కనిపెట్టేసింది.

"చెప్పావా?"

"చెప్పాను."

"అందరి ముందరా?"

"అందరి ముందరే."

పంపు కట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఏమన్నాడు ఆ కుర్రాడు?"

ఆమె కళ్ళలో చిన్న ఆశ కనపడింది. అది చూశాక నాకు నిజం చెప్పే ధైర్యం చాల్లేదు.

"చాలా బాధపడ్డాడు. మేడమ్ గారికి సారీ చెప్పమన్నాడు."

"మేడమ్ గారికి అనే అన్నాడా?"

"ఆ. అలాగే అన్నాడు."

అన్ని రోజుల తర్వాత మాణిక్యం మొహం విప్పారింది. "పాపం. వాడిదేముందిలే, చిన్నపిల్లోడు. చూసినదాన్ని బట్టి అనుకున్నాడు. తప్పని తెలియగానే సారీ చెప్పాడు చూడు, పెంపకం అంటే అదీ."

నేను తలొంచుకుని, చేతులు కడుక్కోవడానికి పంపు తిప్పాను. నీళ్ళ చప్పుడులో కూడా ఆమె మాట వినపడుతూనే ఉంది.

"వచ్చేవారం జంతికలు చేద్దామనుకుంటన్నా. ఆ పిల్లోడికి కాసిని పట్టుకెళ్ళివ్వు. మేడమ్ గారు పంపించారని చెప్పు."

"అలాగే," అన్నాను.