పాతికలో పట్టని ఫైలు

"ఫైలు చాలా పెద్దది. పాతిక ఎంబీకి మించరాదు."

ఎర్ర అక్షరాల్లో ఆ మాట మూడోసారి కనిపించేసరికి బుల్లి మౌసును బల్లకేసి కొట్టింది. మరుక్షణమే కంగారుగా ఎత్తి చూసింది. అడుగున దీపం వెలుగుతూనే ఉంది. బతికిపోయింది.

గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. నాలుగింటికి పెద్దాసుపత్రి వెబ్‌సైటు తలుపు మూసేస్తుంది.

ఆ చిన్న ఆసుపత్రి రికార్డు గదిలో బుల్లి పదహారేళ్ళుగా గుమస్తా. వయసు నలభైకి దగ్గరపడినా, అక్క పెట్టిన ముద్దుపేరు ఆఫీసు దాకా వచ్చి అక్కడే స్థిరపడిపోయింది. ఇవాళ పంపాల్సిన ఫైలు ఆ అక్క మొగుడిదే. బావ వెన్నులో జారిన డిస్కు నరాన్ని నొక్కేస్తోంది. ఎడమ పాదం అప్పుడే మొద్దుబారింది. రేపు పొద్దున పెద్దాసుపత్రిలో ఆపరేషన్. పదకొండేళ్ళ క్రితం పరంజా మీంచి పడి తొడ ఎముక విరిగినప్పుడు ఈ ఆసుపత్రిలోనే కోసి రాడ్డు వేశారు. ఆ పాత రికార్డు మత్తు డాక్టరు చేతికి చేరితేనే రేపటి జాబితాలో పేరుంటుంది. లేదంటే మళ్ళీ వంతు మూడు వారాలకు. అప్పటికి పాదం పూర్తిగా చచ్చుబడవచ్చని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

ఫోన్ మోగింది. అక్క.

"పంపావా?"

"పంపుతున్నా."

"పొద్దుట్నుంచీ పంపుతూనే ఉన్నావు. మీ బావని భుజాన వేసుకుని నడిచినా ఈపాటికి చేరేవాళ్ళం."

"అక్కా, పెట్టేయ్. నువ్వు మాట్లాడుతుంటే నా పని సాగదు."

"మాట్లాడనప్పుడు మాత్రం సాగిందా?"

బుల్లి ఫోన్ బోర్లా పెట్టింది. ఫైలు నాలుగు వందల పన్నెండు ఎంబీ. పోనీ కాగితాలు తీసి మళ్ళీ స్కాన్ చేద్దామంటే కాగితాలే లేవు. పదేళ్ళు దాటినవన్నీ పోయినేడు ముక్కలు చేసే యంత్రంలోకి వెళ్ళిపోయాయి. మిగిలింది ఈ స్కాన్ ఒక్కటే.

ఫైలు మీద కుడి మీట నొక్కి, దాని వివరాల్లోకి వెళ్ళింది. స్థలం ఆదా చేయడానికి కుదించు అనే గడి ఉంది కానీ బూడిదరంగులో నిద్రపోతోంది. ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. కంప్యూటర్లు చూసే ఆయనకు ఫోన్ కొట్టింది.

"ఫైలు డి డ్రైవులో ఉందా మేడమ్? అది పాత పద్ధతిలో ఫార్మాట్ చేసింది. దాన్లో ఆ సదుపాయం రాదు. సి లోకి కాపీ చేసి చూడండి."

కాపీ అవడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఈసారి గడి మేలుకుంది. టిక్కు పెట్టింది. ఫైలు బొమ్మ మూలన రెండు చిన్న నీలం బాణాలు ఎదురెదురుగా ప్రత్యక్షమయ్యాయి. బుల్లికి ప్రాణం లేచొచ్చింది. వెబ్‌సైటు తెరిచి, పంపించు నొక్కింది.

ఫైలు చాలా పెద్దది.

మళ్ళీ కంప్యూటర్ల ఆయనకే ఫోన్ కొట్టింది. "అదేంటండీ, కుదించానుగా!"

"అది మీ డిస్కులో చోటు మిగలడానికి మేడమ్. బయటికి పంపితే మళ్ళీ అసలు సైజే అవుతుంది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"గడి ఎందుకు పనిచేయట్లేదని అడిగారు. చెప్పాను. పంపాలంటే జిప్ చెయ్యండి."

జిప్ చేసింది. నాలుగు వందల తొమ్మిది. దాన్నే ఇంకోసారి జిప్ చేస్తే నాలుగు వందల తొమ్మిది మీద ఇంకాస్త పెరిగింది.

"మళ్ళీ జిప్ చేశారా?" ఫోన్లో ఆయన నవ్వాడు. "పిండేసిన గుడ్డని ఎంత మెలిపెడితే మాత్రం నీళ్ళొస్తాయా మేడమ్? స్కాన్ బొమ్మలు ముందే కుదించి ఉంటాయి."

మూడు గంటలైంది. ఫైలును ముక్కలు చేసి పంపుదామంటే వెబ్‌సైటు ఒక రోగికి ఒకే ఫైలు అంటోంది. చివరికి స్కానింగ్ సాఫ్ట్‌వేర్లో బొమ్మల నాణ్యత తగ్గించే చోటు దొరికింది. ఒక మెట్టు దింపితే నలభై నాలుగు. ఇంకో మెట్టు దింపితే పదిహేడే, కానీ డాక్టర్ల చేతిరాత చీమల బారై కూర్చుంది. అసలే ఆ రాత చదవడానికి దేవుడు దిగిరావాలి. నలభై నాలుగు దాన్నే వేరే పేరుతో దాచి, పేజీలు లెక్క చూసింది.

నూట తొంభై రెండు. కాగితాలు తొంభై ఆరే.

బుల్లి మెల్లగా తలెత్తి ఎదురు బల్ల వైపు చూసింది. అక్కడ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు పెద్ద గుమస్తా. ఆయన చాటున అందరూ పిలిచే పేరు 'అటుపక్క'. ఎప్పుడో ఒక కాగితం వెనక రాసిన రక్తం గ్రూపు ఎవరూ చూడక ప్రాణం మీదికొచ్చిందట. అప్పట్నుంచీ ఖాళీ అయినా సరే, ప్రతి కాగితం రెండువైపులా స్కాన్ కావాల్సిందే. కొత్తగా ఎవరు చేరినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "అటుపక్క చూశావా?"

"బాబాయ్! మీ ధర్మమా అని సగం ఫైలు తెల్లకాగితమే. మీ అటుపక్క మా బావ ప్రాణం మీదికొచ్చింది."

"ఖాళీవి తీసెయ్యమ్మా. చూసి తియ్యి."

"తొంభై ఆరు చూస్తూ కూర్చోనా? టైమెంతో చూశారా?"

"చూడకుండా ఖాళీవని ఎలా తెలుసు?"

బుల్లి అప్పటికే తెర వైపు తిరిగింది. సరిసంఖ్య పేజీలన్నీ, అంటే వెనకవైపులన్నీ, ఒక్క దెబ్బతో తీసేసే మీట ఉంది. నొక్కింది. ఇరవై నాలుగు పాయింట్ తొమ్మిది. మూడూ ముప్ఫై అయిదుకి పచ్చ అక్షరాలు వచ్చాయి: ఫైలు అందింది.

అక్కకి ఫోన్ చేసి చెప్పింది.  అక్క ముక్కు చీది, "ఇదేదో రెండింటికే చేసుంటే నా బీపీ మిగిలేదిగా," అంది.

అప్పుడే ఎదురు బల్ల నుంచి గొంతు. "అమ్మాయ్, ఇటు రా."

ఆయన తన తెర మీద పాత ఫైలు తెరిచి, ఇంతసేపూ ఒక్కో వెనకపేజీ తిరగేస్తూ కూర్చున్నాడన్నమాట. డెబ్భై ఒకటో కాగితం దగ్గర ఆగాడు. అటుపక్క నీలం సిరాతో నాలుగు వరుసలున్నాయి. కింద అప్పటి మత్తు డాక్టరు సంతకం.

బుల్లి చదివింది. మత్తు వాయువు ఇచ్చిన ఇరవై నిమిషాల్లో దవడ బిగిసింది, జ్వరం ఎగబాకింది, ప్రాణం దక్కడమే కష్టమైంది. వాయువు పేరు, దాని కింద రెండు గీతలు. ఈ మనిషికి దీన్ని మళ్ళీ ఇవ్వకూడదు.

ఆ రెండు గీతల మీద వేలు పెట్టింది. "ఇది... ఇది ఇక్కడెందుకు రాశారు?"

"చేతికి ఏ కాగితం అందితే దాని వెనక రాసుంటాడు. ముందువైపు చూడు, ఆహారం పట్టీ."

మూడూ నలభై ఆరు. పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తే, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమంటూ ఒక ఆడగొంతు పాట పాడినట్టు చెబుతూనే ఉంది. రెండోసారీ అదే.

"వెనక్కి తీసుకుని మళ్ళీ పంపు," అన్నాడాయన.

వెబ్‌సైటులో ఆ మీట ఉంది. నొక్కితే హెచ్చరిక: పంపిన ఫైలు రద్దవుతుంది. గడువులోగా కొత్తది అందకపోతే రోగి పేరు జాబితా నుంచి తొలగించబడును.

బుల్లి వేలు మీట మీద ఆగింది. ఒకవైపు మూడు వారాలు, బావ పాదం. ఇంకోవైపు బావే.

నొక్కేసింది.

దాచుకున్న ఫైలు తెరిచి ఆ ఒక్క పేజీనీ తెచ్చి అతికించింది. పంపించు.

ఫైలు చాలా పెద్దది.

"పాతిక పాయింట్ ఒకటి! ఒక్క పాయింట్ బాబాయ్! దీని జిమ్మడ, ఒక్క పాయింట్!" బుల్లి కేకకి వరండాలో వెళ్తున్న నర్సు ఆగి తొంగిచూసింది. మూడూ యాభై మూడు.

"అరవకు. ఒకటి తీసెయ్."

"ఏది తియ్యను? మళ్ళీ ఏది తీస్తే ఏమవుతుందో!"

"డెబ్భై ఒకటి, ముందువైపు. చదివాను. పాలు తప్ప ఏం లేదు."

తీసేసింది. నీలం గీత పాకడం మొదలైంది. అరవై శాతం దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది. బుల్లి పీల్చుకోలేదు. మూడూ యాభై ఎనిమిదికి పచ్చ అక్షరాలు వచ్చాయి. ఆవిడ వాటిని రెండుసార్లు చదివి, తల బల్ల మీద వాల్చింది.

నాలుగుంపావుకి తెలియని నంబరు నుంచి ఫోన్. పెద్దాసుపత్రి మత్తు డాక్టరు. గొంతు తొందరలో ఉంది.

"మీరు పంపిన దాంట్లో జ్వరం సంగతి రాసిన పేజీ ఒకటుంది. దాని ముందువైపు లేదు. అందులో ఏముంది?"

బుల్లి ఎదురు బల్ల వైపు చూసింది. పెద్ద గుమస్తా అప్పుడే ఇంకో ఫైలు తీసి, మొదటి కాగితం తిరగేస్తున్నాడు.

"పొద్దున పాలు, రాత్రి పాలు సార్."

అటువైపు కాగితం మీద కలం గీసిన చప్పుడు.

"అయితే అక్కర్లేదు. ఆ వాయువు దగ్గరికి రానివ్వం, వేరే మందుతో మత్తిస్తాం. రేపు ఏడింటికల్లా తీసుకురండి."