మోవా ఎంత దూరం

ఇంగ్లీషు రాకపోతే నర్సు ట్రైనింగులో సీటు రాదన్నారు. అందుకని లీలావతి ఆ వేసవంతా రిటైర్డు రైలు గార్డు ఐజాక్ మాస్టారి వరండాలో కూర్చుని నియర్, డిస్టెంట్, రీసెంట్ అంటూ విశేషణాలు వల్లె వేసింది. వీటిలో కొన్ని ఊళ్ల దూరానికీ, కొన్ని కాలం దూరానికీ, కొన్ని రెంటికీ పనికొస్తాయని ఆయన ఓపిగ్గా చెప్పారు. ఏ ఊరు దగ్గరో, ఏది దూరమో మాత్రం చెప్పలేదు. ఆ మాత్రం తెలియదా అనుకున్నారు కాబోలు.

రాయపూర్ రైల్వే క్వార్టర్లలో దూరాన్ని మైళ్లతో కొలిచిన పాపాన ఎవరూ పోలేదు. చేతిలో పాసు, పట్టాల మీద రైలు ఉంటే దగ్గర. లేకపోతే దూరం.

1973 జూలైలో పెద్దాసుపత్రిలో ఇంటర్వ్యూ. పన్నెండు సీట్లకు అరవై మంది వచ్చారు. మేట్రన్, ఆవిడకు చెరోపక్క ఒక డాక్టరు.

"మీ సొంతూరు దగ్గరా, దూరమా?" అని మేట్రన్ ఇంగ్లీషులో అడిగింది.

"పార్వతీపురం. నియర్, మేడమ్."

డాక్టర్లు మొహాలు చూసుకున్నారు. ఒకాయన నవ్వాపుకుంటూ, "మరి మన మోవా?" అన్నాడు. మోవా ఊరి పక్కనున్న పల్లె, సైకిలు మీద అరగంట.

"వెరీ డిస్టెంట్, సర్."

ఇద్దరూ పకపకా నవ్వారు. సీటు పోయిందనుకుంది లీలావతి. మేట్రన్ మాత్రం నవ్వకుండా, ఎందుకని అడిగింది. ఇంగ్లీషు ఎటు పోయిందో పోయింది, లీలావతి హిందీలోకి దిగింది.

"మా ప్రమీలక్కని మోవాలో ఇచ్చామండీ. వానల్లో నొప్పులొచ్చాయి. రోడ్డు మునిగింది. ఏ రిక్షావాడూ రానన్నాడు. తెల్లారి బయల్దేరితే, మంచం మీద మోసుకుని ఇక్కడికి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్క దక్కింది, బిడ్డ దక్కలేదు. పార్వతీపురమైతే రాత్రి రైలెక్కి పడుకుంటే పొద్దున్నే దిగుతాం."

"ఎప్పుడు జరిగింది?"

"రీసెంట్, మేడమ్."

"ఏ నెలలో?"

"నాలుగేళ్లయింది," అంది లీలావతి, కళ్లు తుడుచుకుంటూ. మోవా సంగతి అడిగిన డాక్టరు తల దించుకున్నాడు.

మేట్రన్ తనూ హిందీలోనే అంది. "రోగి చీటీ మీద ఊరి పేరు రాస్తాం, ఎన్ని మైళ్లో రాస్తాం. ఇక్కడికి చేరడానికి ఎంతసేపు పట్టిందో ఎవరమూ అడగం. నువ్వు అడుగుతావా?"

"అడుగుతానండీ. మొట్టమొదట అదే అడుగుతాను."

బయట గేటు దగ్గర ఐజాక్ మాస్టారు గొడుగు పట్టుకుని పచార్లు చేస్తున్నారు. పరీక్ష తనదే అన్నంత కంగారు ఆయనకి.

"ఏటమ్మా, ఎలాగ సెప్పినావు?"

"అన్నీ తప్పులే సెప్పీసేను మాస్టారూ," అంది లీలావతి, ఏడుస్తూ నవ్వుతూ. "సోమవారం నుంచి రమ్మన్నారు."