గీత బయట కుర్చీ

టబ్బులో నానిన జెర్సీల మీదికి వంగినప్పుడల్లా నాగవేణికి నేల పక్కకి జరిగిపోతోంది. వంగకుండా ఉతకడం ఎట్లాగో తెలీక, కాసేపు గోడకి ఆనుకుని నిలబడి, మళ్ళీ వంగింది. బెంగుళూరు శివార్లలోని ఈ సర్జాపుర ఎర్రమట్టి కాలర్లో పట్టిందంటే సబ్బుకి లొంగదు, రాయి మీద రుద్దాల్సిందే. ఆ రుద్దుడికి జీతం లేదు. జీతం ఆమె మొగుడు తిరుపాలుది. రగ్బీ గ్రౌండుకి వాచ్‌మన్ ఆయన, గేటు తీసేదీ సున్నంతో గీతలు గీసేదీ ఆయనే. మూలనున్న రేకుల గది కూడా ఆయన ఉద్యోగంతో వచ్చిందే. జెర్సీలు ఉతకడం, ఆడేవాళ్ళకి టీ కాయడం, బాత్‌రూములు కడగడం మాత్రం ఎవరి ఉద్యోగమూ కాదు. "ఇంట్లో ఊరికే ఉండాది కదా సార్, చేస్తాదిలే" అని ఆయన క్లబ్బు వాళ్ళకి మాటిచ్చిన రోజు ఆమె పక్కనే ఉంది, పిల్లకి పాలిస్తూ. ఆమెని ఎవరూ అడగలేదు. అడుగుతారని ఆమె కూడా అనుకోలేదు.

నిన్న సాయంత్రం నోరు జారింది. సున్నం గీత చివర్లో వంకర పోతుంటే, "రవ్వంత ఎడమకి లాగు, సరిపోతాది" అనేసింది. అక్కడే బూట్లు విప్పుకుంటున్న ఇద్దరు ఆటగాళ్ళు నవ్వారు, ఆ వంకర గీతని చూసే. తిరుపాలు గదిలోకొచ్చి తలుపేశాకే అన్నాడు. "నువ్వెవురే నాకు చెప్పేదానికి? తొమ్మిదో తరగతి కూడా దాటనిదానివి." తొమ్మిదిలో బడి మాన్పించింది ఈయనతో పెళ్ళి చెయ్యడానికే కదా అని ఆమెకి తట్టింది గాని, పైకి అనలేదు. అనకపోయినా మొహంలో కనపడిందేమో. ఆ తర్వాత ఇనుప తలుపు అంచు వచ్చి తలకి తగిలిందో, తలే పోయి తలుపుకి తగిలిందో. పొద్దున అత్తకి ఫోన్లో చెప్పుకుంటే, "కోపంలో చెయ్యి లేస్తాది, మనసులో పెట్టుకోవాకు. కాఫీ తాగి కాసేపు పండుకో" అంది. పండుకోడానికి వీల్లేదు, ఈరోజు ఆదివారం, మ్యాచ్ ఉంది.

ఆమె భయం దెబ్బ గురించి కాదు. దెబ్బలు తెలుసు. ఇది తెలీదు. లేచినప్పుడు వాంతి అయింది, తాగిన నీళ్ళు కూడా నిలవలేదు. తలుపు సందులోంచి పడే వెలుతురు కంట్లో గుచ్చుకుంటోంది. ఉప్మాలో ఉప్పు వేశానా అని రుచి చూసి, చూసిన సంగతి మర్చిపోయి మళ్ళీ చూసింది. పడిపోతానేమో. పడితే పొయ్యి దగ్గరే పడతానేమో, పిల్ల అక్కడే గిన్నెలు పెట్టుకుని ఆడుకుంటుంది. మూడేళ్ళది, చైత్ర. అమ్మ పండుకుందనుకుని పక్కనే కూర్చుంటుంది, వంట అడుగంటి పొగ వస్తున్నా అట్లాగే కూర్చుంటుంది. ఆ పొగలో కూర్చున్న పిల్లే పొద్దున్నుంచీ కళ్ళ ముందు కదులుతోంది.

ఎండ ఎక్కేసరికి ఆడపిల్లలు దిగారు, కార్లలో, స్కూటర్ల మీద, అరుచుకుంటూ. ఈ ఆట మొదటిసారి చూసినప్పుడు అది కొట్లాట అనుకుని చైత్ర కళ్ళు మూసింది నాగవేణి. తర్వాత ఎప్పుడు అలవాటైందో గాని, గ్యాసు మంట తగ్గించి గీత దగ్గరికి వచ్చి నిలబడేది. కోడిగుడ్డులాంటి ఆ బంతిని చేత్తో ముందుకి విసరకూడదట, వెనకాల వచ్చే మనిషికే ఇవ్వాలట. ముందుకి పోవాలంటే వెనకాల ఎవరో ఉన్నారని నమ్మాలి. అది ఆమెకి చాలా నచ్చింది. బంతి అందుకున్న పిల్ల ఒంటరిగా పరిగెత్తుతుంటే నాగవేణి కూడా గీత వెంబడే నాలుగడుగులు వేసేది. వెనకాల రండి, ఎవరైనా రండి అని లోపల్లోపలే అనుకునేది.

చూసేవాళ్ళు ఎక్కువమంది ఉండరు. ఆడేవాళ్ళ అమ్మలు, స్నేహితులు, ఇంకా గురుమూర్తి గారు. మూడు తరాలుగా బెంగుళూరులో స్థిరపడ్డ కుటుంబం ఆయనది, ఈ టీములో ఆయనకి చుట్టమంటూ ఎవరూ లేరు. అయినా మడత కుర్చీ తెచ్చుకుని, నాగవేణి టీ పోసే బల్ల పక్కనే వేసుకుంటాడు. ఈరోజు క్లబ్బు సెక్రటరీ అభిజిత్‌ని పట్టుకున్నాడు.

"జనం రావడం లేదంటావు. ఎట్ల వస్తారప్పా? విజిల్ ఎందుకు ఊదినాడో ఆడేవాళ్ళకే సరిగా తెలీదు, గీత బయట కూర్చున్న నాకేం తెలుస్తాది? రిఫరీకి ఒక మైకు కట్టండి. ఇంక ఆ స్క్రమ్ము. పదహారు మంది తలకాయలు ఇరికించుకుని తోసుకుంటారు, కూలిపోతారు, లేస్తారు, మళ్ళీ ఇరికించుకుంటారు. ఈలోపల నా టీ చల్లారిపోతాది. బంతి యాడుండాదో దేవుడికే తెలియల్ల."

"స్క్రమ్‌కి టైమ్ లిమిట్ పెట్టారు కదా అంకుల్, రూల్ మారింది."

"రూలు మారింది గాని నా టీ మారలేదు కదప్పా."

అభిజిత్ నవ్వుతుండగానే గ్రౌండులో ధడాలున చప్పుడైంది. బంతి పట్టుకున్న ప్రియాంక కింద పడింది. లేచింది గాని, ఒక అడుగు పక్కకి వేసింది. ఆ అడుగు నాగవేణికి తెలుసు. పొద్దున్నుంచీ తనూ అట్లాగే వేస్తోంది.

ఫిజియో అనిత చెయ్యెత్తి లోపలికి పరిగెత్తింది. రిఫరీ ఆట ఆపాడు.

"నాకేం కాలేదక్కా, ఆడతాను" అంది ప్రియాంక.

"అది నువ్వు చెప్పేది కాదు" అని అనిత ఆమె భుజం పట్టుకుని, మెల్లగా నడిపించుకుంటూ గీత బయటికి తీసుకొస్తోంది. అందరూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయారు.

"చూశారా అంకుల్, అసలు ప్రాబ్లమ్ ఇదీ" అన్నాడు అభిజిత్. "ప్రతి దెబ్బకీ ఆపితే ఫ్లో పోతుంది. ఎవరు కూర్చుని చూస్తారు?"

గురుమూర్తి నాగవేణి వైపు తిరిగాడు. "ఏమ్మా, నాకంటే ఎక్కువ మ్యాచులు చూసింది నువ్వే కదా. చెప్పు, ఏం మారిస్తే బాగుంటాది?"

అవతలి మూలన సున్నం బకెట్టు పక్కన తిరుపాలు తలెత్తి చూశాడు. ఏదో ఒకటి చెప్పి నవ్వేస్తే సరిపోయేది, తెలీదు సార్ అన్నా సరిపోయేది.

"ఆపనీండి సార్" అంది. గొంతు ఆమెకే వినపడనంత చిన్నగా వచ్చింది. "నాకు అది చూడ్డమే ఇష్టం."

"ఏది?"

"ఇంత ఆట నిలిపేసి, ఇంతమందీ ఒక ఆడపిల్ల తలకాయ కోసం కాచుకుంటారే, అది."

గురుమూర్తి "ఓ" అని టీ గ్లాసు అందుకున్నాడు. "కమిటీకి ఇది చెప్తే ఇంకో గంట ఆపేస్తారు" అన్నాడు అభిజిత్. ఇద్దరూ మళ్ళీ గ్రౌండు వైపు తిరిగారు. తిరుపాలు మాత్రం తిరగలేదు.

ప్రియాంకని టీ బల్లకి కొంచెం అవతలున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది అనిత. ఎదురుగా గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ అడుగుతోంది. మనం ఎక్కడున్నాం. పోయిన వారం ఎవరితో ఆడాం. వాంతి వచ్చేలా ఉందా. వెలుతురు ఇబ్బందిగా ఉందా. చెప్పింది మర్చిపోతున్నావా. ప్రియాంక దేనికీ సరిగ్గా చెప్పట్లేదు. నాగవేణి గ్లాసుల్లో టీ పోస్తూ లోపల చెప్పుకుంటోంది. ఉంది. ఉంది. మర్చిపోతున్నా. గ్లాసు నిండి చెయ్యి మీద పోయేదాకా చూసుకోలేదు. కాలింది కూడా ఆలస్యంగా తెలిసింది. ఆ ప్రశ్నల్లో ఉన్న తన బాధకి ఒక పేరుందన్నమాట, వైద్యం ఉందన్నమాట, అంటే ఇందులో మనిషి పోవడం కూడా ఉందన్నమాట.

"అయిపోయింది. తలకి తగిలినవాళ్ళు అదే రోజు మళ్ళీ లోపలికి పోకూడదు. ఒంటరిగా కూడా ఉండకూడదు, ఆసుపత్రికి పద" అంది అనిత. ప్రియాంక ఏడుస్తూ తిట్టింది. ఒక స్నేహితురాలు ఆమెని కారు దగ్గరికి నడిపించింది. విజిల్ పడింది, ఆట మొదలైంది.

కుర్చీ ఖాళీగా ఉంది.

నాగవేణి గ్యాసు ఆపేసింది. బల్ల పక్కన ఆడుకుంటున్న చైత్రని ఎత్తుకుంది. ఆ కాస్త దూరం నడవడానికి కారడవి దాటినట్టయింది, నేల రెండుసార్లు ఒరిగింది. కుర్చీలో కూర్చుని పిల్లని ఒళ్ళో పెట్టుకుంది. బ్యాగు సర్దుకుంటున్న అనిత తలెత్తింది.

"ఏమైంది నాగవేణీ?"

అప్పటికే తిరుపాలు వచ్చేశాడు, సున్నం చేతులతో. "ఏం కాలేదు మేడమ్, ఎండకి కళ్ళు తిరిగినట్టుండాయి. ఏమే, లెయ్, టీ అడుగుతాండారు."

"నేను అడిగింది తనని" అంది అనిత, ఆయన వైపు చూడకుండానే.

ఆమె మళ్ళీ గొంతుక్కూర్చుంది. రెండు వేళ్ళతో నాగవేణి గడ్డం ఎత్తి, కళ్ళలోకి చూసింది. తిరుపాలు నీడ ఇద్దరి మీదా పడి ఉంది. గడిచిన రాత్రి కంటే రాబోయే రాత్రికే ఎక్కువ భయమేసింది నాగవేణికి. పిల్లని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

"నిన్న ఇంట్లో తలకి తగిలింది మేడమ్. ఆ పాపని మళ్ళీ ఆటలోకి పంపలేదు కదా, నన్నూ ఆ గదికి పంపొద్దండి."