గంటకు నూట ముప్పై దుప్పట్లు

మా చెల్లెలి పట్టా ఇప్పుడు లాండ్రీ ఆఫీసు గోడకు వేలాడుతోంది. టెక్నాలజీ, మేనేజ్‌మెంట్ రెండూ కలిపి చదివిన పీజీ. దానికి ఫ్రేము కట్టించింది మా పెద్దమ్మ. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మేం ముగ్గురం ఒకే ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేవాళ్లం. అమ్మ పోయాక మా ఇద్దరినీ పెంచింది పెద్దమ్మే. నన్ను తీసుకొచ్చి తన టేబుల్ అవతలి కొసన నిలబెట్టిందీ ఆవిడే. ఇస్త్రీ రోలరులోంచి కాలుతూ వచ్చే దుప్పటిని ఇద్దరం చెరో కొసా పట్టుకుని, విదిలించి, మడతపెట్టి, పదేసి చొప్పున కట్ట కట్టాలి. అలాంటి టేబుళ్లు నాలుగు, జంటలు నాలుగు. చిన్నదాన్ని మాత్రం ఆవిడ దుప్పటి ముట్టనివ్వలేదు. "అది చదువుకునే పిల్ల" అనేది. చెల్లి ఏ వార్డుకు ఎన్ని దుప్పట్లు వెళ్లాయో రాసే గుమాస్తాగా చేరి, సాయంత్రాలు కాలేజీకి వెళ్లింది.

చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు చెయ్యాలన్నారట. ఎక్కడికో పోవడమెందుకు, మన లాండ్రీలోనే చేస్తానంది. మూడు రోజులు స్టాప్‌వాచీ పట్టుకుని మా టేబుళ్ల మధ్య తిరిగింది.

వాచీ పట్టుకుని ఎవడైనా వస్తే పనివాళ్లు చెయ్యి నెమ్మదిస్తారు. ఆ మాత్రం తెలివి మాకూ ఉంది. కానీ వచ్చింది మా పిల్లాయె!

"మనమ్మాయి మార్కుల మాటే ఇది. నడుం బిగించండి" అంది పెద్దమ్మ అందరితో.

ఎనిమిదిమందిమీ బిగించాం. మామూలుగా జంటకు గంటకు తొంభై దుప్పట్లు మడతపెట్టేవాళ్లం. ఆ మూడు రోజులూ నూట ముప్పై పెట్టాం. భోజనం వేళ పెద్దమ్మ సబ్బు బస్తాల వెనక్కి వెళ్లి భుజానికి మందు రాసుకునేది, పిల్ల చూస్తే బాధపడుతుందని. ప్రాజెక్టుకు కాలేజీలో మొదటి స్థానం వచ్చింది. ఆ రోజు మా టేబుళ్ల దగ్గర అందరికీ మార్కులు వచ్చినంత సంబరం.

రెండు నెలలకు మేనేజరు మమ్మల్నందరినీ పిలిచి తెర ముందు కూర్చోబెట్టాడు. చెల్లి నిలబడి గీతలూ బొమ్మలూ చూపిస్తూ వివరించింది. చక్కగా మాట్లాడింది, ఎక్కడా తడబడలేదు. అందులో నేను ఆపరేటర్ ఏడు, పెద్దమ్మ ఆపరేటర్ ఎనిమిది. చివరికి తేలిందేమిటంటే, గంటకు నూట ముప్పై చొప్పున నాలుగు జంటల పని మూడు జంటలతో అయిపోతుంది. నెల రోజుల్లో ఆ వేగం అందుకోని జంటను తప్పిస్తారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. ఆ పొగ ఎవరి కంట్లో పడుతుందో అందరికీ తెలుసు. పెద్దమ్మకు యాభై ఎనిమిదేళ్లు.

చెల్లిని మెట్ల కింద పట్టుకున్నాను.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే!"

"అక్కా, సిఫార్సు రాయకపోతే మార్కులు వెయ్యరు. నిజంగా అమలు చేస్తారనుకోలేదు."

"అయితే వెళ్లి చెప్పు. అది మా మామూలు వేగం కాదని, నీకోసం పరిగెత్తామని చెప్పు."

"చెప్తే ప్రాజెక్టే తప్పయిపోతుంది. సూపర్‌వైజర్ పోస్టుకి నేను చూపించింది దాన్నే."

అది చెప్పలేదు. నేనే వెళ్లి మేనేజరుకు చెప్పాను. అతను మొరటువాడేం కాదు, అంతా విన్నాడు. "సరే, మీ జంట మీదే ఇంకో గంట కొలుద్దాం. తొంభై వస్తే ఇదంతా ఆపేస్తాను" అన్నాడు.

"మామూలుగా చెయ్యి పెద్దమ్మా. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు" అని మరీ మరీ చెప్పాను. అలాగే అంది. ఆ ఉదయం మిగతా ఆరుగురూ మా మీంచి చూపు తిప్పలేదు.

చెల్లి వాచీ పట్టుకుంది. మేనేజరు పక్కన నిలబడ్డాడు. మొదటి అరగంటలో నలభై ఐదు దుప్పట్లు, సరిగ్గా మా లెక్క. నా ప్రాణం కుదుటపడింది.

మేనేజరు కాగితం చూసి చెల్లి వైపు తిరిగాడు. "అయితే నువ్వు రాసినవన్నీ దొంగ లెక్కలేనా?"

అది తలొంచుకుని వాచీ అద్దాన్ని బొటనవేలితో రుద్దసాగింది. వంగిన ఆ తల పెద్దమ్మ కంట పడింది.

అంతే, నా చేతిలోని కొస ఒక్కసారిగా లాక్కున్నట్టయింది. అవతలి కొస పరిగెడితే ఇవతలి కొసా పరిగెత్తాలి, లేకపోతే దుప్పటి నేల మీద పడుతుంది. నేల తాకిన దుప్పటి మళ్లీ ఉతుక్కి వెళ్లాలి. "మెల్లగా పెద్దమ్మా" అన్నాను పళ్లబిగువున. వినలేదు. ఆవిడ నన్నసలు చూడటం లేదు, పిల్లనే చూస్తోంది. నేను నా కొస వదిలేసి ఉండొచ్చు. పదకొండేళ్లలో ఒక్క దుప్పటినీ నేల తాకనివ్వని చేతులు, వదల్లేదు. ఆ తప్పు నాదే.

రెండో అరగంటలో అరవై ఆరు.

"చెయ్యాలనుకుంటే వస్తుందిగా. మొదటి అరగంట నాటకమన్నమాట" అన్నాడు మేనేజరు.

మర్నాటికి పెద్దమ్మ కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. నాలుగో రోజు ఏప్రన్ విప్పి మడిచి టేబుల్ మీద పెట్టేసింది. ఎవరూ ఆవిడను పొమ్మనలేదు. "నా మూలంగా పిల్ల నలుగురిలో మాట పడకూడదే" అని మాత్రం నాతో అంది. నన్ను తీసి మరో టేబుల్‌కు మార్చారు. మా టేబుల్‌ను గోడవారకు జరిపేశారు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. మా చిన్నదానికీ అలాగే అయిందని, పాపం తెలియక చేసిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒకరోజు అది సూపర్‌వైజర్ కోటు తొడుక్కుని నా కొత్త టేబుల్ దగ్గరికి వచ్చినప్పుడు అడిగాను.

"చూసే మనిషి పక్కనుంటే పనివాళ్లు ఉన్నదానికన్నా వేగంగా చేస్తారనీ, ఆ వేగాన్ని నమ్మకూడదనీ మీ చదువులో ఎవరూ చెప్పలేదుటే?"



"చెప్పారక్కా. రెండో సెమిస్టర్‌లో. పరీక్షలో కూడా వచ్చింది."

"రాశావా?"

"రాశాను. పదికి పది వచ్చాయి."