మొగుడి పేరు

ఓబళప్ప చేసిన తప్పల్లా ఒక ప్రశ్న అడగడమే. “లీజు అయిపోయినాక మా చేన్లు మాకు చూపిస్తారా సారూ?” అన్నాడు మీటింగులో. చేల మధ్య గట్లు, అదే గెనాలు, చెరిపేసి సోలార్ పలకలు పరిచాక మా రాయచెర్లులో ఎవరి చేను ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అది అందరి మనసులో ఉన్న మాటే. పైకి అన్నవాడు అతనొక్కడు. మరుసటి రోజే, మా చేన్లు లీజుకు తీసుకున్న వెలుగు మండలి జీపు వచ్చి అతన్ని ఎక్కించుకుపోయింది.

ఇప్పుడు మాకు సర్కారంటే ఆ మండలే. కరెంటు కోసమని వచ్చి నీళ్ళు, రేషను, బడి అన్నీ చేతుల్లోకి తీసుకుంది. ఎవరినీ కొట్టదు, తిట్టదు. అంత మర్యాద గలది! “నేనేమీ అడగలేదు” అని వేలిముద్ర వేస్తే ఓబళప్పను వదిలేస్తామందట. అతను వేయలేదు.

దాంతో అతని భార్య కరియమ్మను పిలిపించారు. ఊరందరి ముందూ మైకులో “ఓబళప్ప నాకేమీ కాడు” అనాలి. అనకపోతే తుమకూరులో నర్సింగు చదివే కూతురు మంజుశ్రీ సీటు పోతుంది.

మా పక్క ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. నవ్వితే నవ్వండి, నేనూ పలకను. కరియమ్మ ఆ భయంతోనే ఒక ఉపాయం ఆలోచించుకుని వచ్చింది పిచ్చిది.

“మా మంజు వాళ్ళ నాయన నాకేమీ కాడు” అంది గబగబా.

“పేరు చెప్పల్లమ్మా. పేరు లేకుంటే చెల్లదు” అన్నాడు మండలి ఆఫీసరు ఉమేశ్.

నాకు ఒళ్ళు మండింది. వాడిదీ మా పక్కనున్న నాగలమడికె ఊరే. “మీ యమ్మ చెప్తాదేందప్పా, మీ నాయన పేరు?” అని అడిగేశాను.

ఉమేశ్ తల దించుకున్నాడు. ఈ షరతు పెట్టమని పైవాళ్ళకు చెప్పింది వాడేనని అప్పుడు అర్థమైంది. మా లోపలి భయం మాలో పుట్టినవాడికే కదా తెలిసేది!

“వద్దుమా! నాకు సీటు వద్దు, ఏం వద్దు” అని, కబురు తెలిసి తుమకూరు నుంచి వచ్చిన మంజుశ్రీ ఏడుస్తూ తల్లి చేయి పట్టి లాగింది.

కరియమ్మ కూతురి చేయి విడిపించుకుంది. పెళ్ళినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలిచి, మా అన్న పేరు చెప్తేనే లోపలికి రానిస్తామని ఆటపట్టిస్తే ఒకే ఒక్కసారి పలికిందట. చీర కొంగుతో మొహం తుడుచుకుని మైకు ముందుకు వంగింది.

“ఓబళప్ప నాకేమీ కాడు.”

అక్కడున్న ఆడవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఉమేశ్ తన ఫోను తీసి మైకు దగ్గర పెట్టాడు. లైను మొదటినుంచీ కలిపే ఉంచారట.

“కరీ...” స్పీకర్లో ఓబళప్ప గొంతు. “నా పేరు చెప్పినావా?”

కరియమ్మ రెండు చేతులతో మైకు పట్టుకుంది. “బతికే ఉండావా? అయ్యో, బతికే ఉండావా? బిడ్డ కోసం చెప్పినా. ఇనపడతాందా నీకు?”

అవతల ఓబళప్ప మాట్లాడాడు, ఆమెతో కాదు, తన పక్కనున్న మండలివాళ్ళతో.

“ఏలిముద్ర యాడ వేయాల సారూ?”