గూటి కాపలా

దోమ ఒకటి ఎలా దూరిందో మొహానికి కట్టుకున్న దోమవలలోకి దూరి హిల్కా కుడి కంటి రెప్ప మీద వాలింది. సరిగ్గా అప్పుడే గాలి ఆగింది. అరగంట నుంచి ఆమె కాచుకుని ఉన్నది ఆ గాలి ఆగడం కోసమే. తడినాచు మీద బోర్లా పడుకుని, మోచేతులు బురదలో ఆనించి, చిత్తడి నేలల్లో కాసే హిల్లా అనే అడవిపండు తెల్లటి పువ్వుకి జానెడు దూరంలో కెమెరా పట్టుకుని ఉంది. రెప్ప ఆర్పితే దోమ పోతుంది, పువ్వూ పోతుంది. ఆర్పకుండానే మీట నొక్కింది. ఆ తర్వాత నోటికొచ్చిన తిట్టు తిట్టి, వల ఎత్తి దోమను చంపింది. కెమెరా వెనక చూసుకుంటే పువ్వు సగం మసక.

"నీ వేషాలూ నువ్వూను," అంది పువ్వుతో. మళ్ళీ బోర్లా పడుకుంది.

హిల్కా మోయ్లానెన్‌కి అరవై నాలుగేళ్ళు. పొట్టి మనిషి. నెరిసిన జుట్టుని మెడ దగ్గర తనే కత్తిరించుకుంటుంది, అందుకే ఒకవైపు ఎప్పుడూ పొడుగు. ఉత్తరాన కైనూ అడవుల్లోని పరిశోధన కేంద్రానికి ముప్పై ఒక్క వేసవులుగా ఫోటోలు తీస్తోంది. నలభై చోట్ల నేలలో మేకులు పాతి, వాటికి అంకెలు వేశారు. మంచు కరిగినప్పటి నుంచి వారానికోసారి ప్రతి మేకు దగ్గరికీ వెళ్ళాలి. అదే మొక్కని, అదే దూరం నుంచి, అదే ఎత్తులో తీయాలి. అందం అక్కర్లేదు. మొగ్గ ఎప్పుడు విచ్చింది, ఆకు ఎంత సాగింది, అంతే కావాలి. నివేదికల్లో ఆ ఫోటోల కింద కేంద్రం పేరు ఉంటుంది. హిల్కా పేరు ఉండదు.

ఈ పనిలోకి ఆమె కావాలని రాలేదు. తను పనిచేసే రంపపు మిల్లు మూతపడ్డాక కేంద్రంలో వంటకి చేరింది. ఫోటోలు తీసే మనిషికి జ్వరం వస్తే, "వారం రోజులు ఆ మేకులన్నీ నువ్వు చుట్టి రా," అన్నారు. ఆ మనిషి తిరిగి రాలేదు. ఆ వారం ఇంకా అయిపోలేదు.

ఫోను మోగింది. మొగుడు రెయినో.

"అగ్గిపెట్టె ఎక్కడ పెట్టావే?"

"సౌనా గుమ్మం పైన. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంది."

"అక్కడ లేదు."

"పైన చెయ్యి పెట్టి తడుము. కళ్ళతో చూస్తే ఎలా కనపడుతుంది?"

కాసేపు ఏదో గలగలమన్న చప్పుడు. "ఆఁ, దొరికింది. ఐదింటికల్లా ఆవిరిస్నానానికి వేడెక్కిస్తా. ఆలస్యం చెయ్యకు. భుజం నొప్పి ఎలా ఉంది?"

"సంచి పట్టీ కోస్తోంది. ఏం చెయ్యను, పట్టీ లేకుండా మొయ్యనా?"

"దించి పారెయ్ ఆ సంచి. ఈ ఏడాదితో ఆపెయ్యమని చెప్తూనే ఉన్నా."

"పోయినేడూ చెప్పావు," అని ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నం దాకా ఆ రోజు అలాగే నడిచింది. తొమ్మిదో మేకు దగ్గర ఎలుగుబంటి చీమలపుట్టను తవ్వేసి మేకుని కూడా పీకి పారేసింది. పన్నెండో మేకు దగ్గర దుప్పి, ఫోటో తీయాల్సిన లేత కొమ్మలన్నీ తినేసి పోయింది. బండరాయి మీద కూర్చుని రై రొట్టె, పొగబెట్టిన చేప తిన్నది. ఫ్లాస్కు మూత సరిగ్గా బిగించని పాపానికి కాఫీ సగం సంచిలో ఒలికింది. దూరాన కోకిల ఆపకుండా కూస్తోంది. "చాల్లే, విన్నాం," అంది హిల్కా.

పద్నాలుగో మేకు దగ్గర అడవికోడి పెట్ట పొదుగుతోంది. ముసలి పైన్ చెట్టు మొదట్లో, వంగిన స్ప్రూస్ చెట్టు కొమ్మల చాటున ఎనిమిది గుడ్లు. నేడో రేపో పిల్లలు బయటికొస్తాయి. ఎన్నడూ ఇరవై అడుగుల లోపలికి హిల్కా పోలేదు. దూరం నుంచి తీస్తే ఎండుటాకుల కుప్పలాగే వస్తుంది ఫోటో. అలాగే పంపుతుంది.

ఇవాళ అక్కడ మనిషి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. మడతలు ఇంకా పోని కొత్త ఆకుపచ్చ బట్టలు, మోకాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. గూటి ముందు కొమ్మలు విరిచి పక్కన పడేసి ఉన్నాయి. గుడ్లు ఎండలో బయటపడ్డాయి. పెట్ట లేదు.

"ఎవడివిరా నువ్వు?"

అతను ఉలిక్కిపడి లేచాడు. "కాస్పర్ లిండ్రూస్ అండీ. హెల్సింకి నుంచి వచ్చాను. పక్షుల ఫోటోలు తీస్తుంటాను."

"ఆ కొమ్మలు ఎవరు విరిచారు?"

"కొంచెం అడ్డొచ్చాయండీ. రెండే విరిచాను. అది కాసేపు బాగానే కూర్చుంది, ఇప్పుడే లేచిపోయింది. వచ్చేస్తుంది కదండీ?"

"నీ ఇంటి గోడలు పడగొట్టి, రెండు గోడలే కదా అంటే నువ్వు వస్తావా?" అంది హిల్కా. "ముప్పై ఏళ్ళు చాటుగా నిలబడి చూశాను బాబూ. నువ్వు ఒక్క పూటలో వచ్చి తలుపులు తీసేశావు."

అతని మొహం ఎర్రబడింది. ఏం చెయ్యాలో తోచక కెమెరా ఆమె వైపు తిప్పి చూపించాడు, తను తీసిన ఫోటో చూస్తే ఆమె కోపం తగ్గుతుందన్నట్టు. హిల్కా చూడకూడదనుకుంటూనే చూసింది. పెట్ట కన్ను, కంటి చుట్టూ సన్నటి ఎర్రగీత, రొమ్ము మీద తుప్పు రంగు ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఇన్నేళ్ళలో ఆ కన్ను తనెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. ఇంకోసారి చూసింది. అలా చూసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"నేనూ ఉండి ఏమైనా సాయం చెయ్యనాండీ?"

"వెళ్ళిపో. నువ్వు చెయ్యగలిగిన సాయం అదొక్కటే. చప్పుడు చెయ్యకుండా వెళ్ళు."

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. విరిగిన కొమ్మల్ని హిల్కా ఏరి, గుడ్ల మీద నీడ పడేట్టు నేలలో గుచ్చింది. గుడ్లని ముట్టుకోలేదు. పైన ఎక్కడో బొంతకాకి అరిచింది. దాని కంట పడ్డాయంటే ఒక్కటి కూడా మిగలదు. పెట్ట రావాలంటే మనిషి కనపడకూడదు. కాకి రాకుండా ఉండాలంటే మనిషి ఉండాలి. ముప్పై అడుగుల అవతల మరో చెట్టు చాటున కూలబడి రెయినోకి ఫోను చేసింది.

"ఆలస్యమవుతుంది."

"ఎందుకు?"

"పెట్ట లేచిపోయింది. వచ్చేదాకా కూర్చోవాలి."

"నువ్వు పొదుగుతావా ఏంటి?"

"అవసరమైతే అదీ చేస్తాను, ఫోను పెట్టు."

"వేడి చల్లారిపోతుందే."

"కట్టెలు ఇంకో రెండు వెయ్యి. పద్నాలుగో మేకు దగ్గరున్నా." "నువ్వు ముందు స్నానం చేసెయ్యి రెయినో," అంది మెల్లగా.

"ఒక్కణ్ణీ ఎలా చేస్తాను," అన్నాడతను.

బూటులోకి చిత్తడి నీళ్ళు ఎక్కాయి. ఎడమ బూటు విప్పి వంచింది. ఊలు మేజోడు పిండి, ఎండపడే కొమ్మకి తగిలించింది. వంగి లేచేసరికి ఊపిరి అందలేదు. భుజం నొప్పి దవడ దాకా పాకింది. ఇప్పుడా నీ గోల, అనుకుంది.

బొంతకాకి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ కూర్చున్న చోటినుంచే పైన్ కాయ విసిరింది. రెండోది తగిలింది కూడా. దోమలు చేతుల మీద బారులు తీరాయి, విదిలిస్తే కదలిక కనపడుతుందని విదిలించలేదు.

నాలుగు కావస్తుండగా నాచులో అలికిడి అయింది. పెట్ట ఎగిరి రాలేదు, నడిచి వచ్చింది. నాలుగడుగులు, ఆగడం, మెడ చాచి చూడటం, మళ్ళీ నాలుగడుగులు. గుచ్చిన కొమ్మల్ని అనుమానంగా చూసి చుట్టూ ఒకసారి తిరిగింది. "ఎక్కవే తల్లీ, ఎక్కి చావు," అని పెదాలు కదిపింది హిల్కా. పెట్ట గుడ్ల మీద కూర్చుని, అటూ ఇటూ ఒళ్ళు సర్దుకుని, కదలకుండా అయిపోయింది. ఇప్పుడు మళ్ళీ ఎండుటాకుల కుప్ప.

హిల్కా ఫోటో తీయలేదు. నోటు పుస్తకంలో రాసింది: పద్నాలుగు. 3.50. వచ్చింది. కొంచెం సేపు ఆగి వెళ్దామని చెట్టుకి వీపు ఆనించి కళ్ళు మూసుకుంది.

ఆరున్నరకి రెయినో వెతుక్కుంటూ వచ్చాడు. దారి పొడుగునా పేరు పెట్టి అరుస్తూ వచ్చినవాడు, పద్నాలుగో మేకు కనపడగానే నోరు మూసుకున్నాడు. చెట్టుకి ఆనుకున్న భార్యని చూసి, నిద్రపోతోందనుకుని భుజం తట్టాడు. తర్వాత చెయ్యి పట్టుకున్నాడు, చల్లగా ఉంది. ఆ చెయ్యి అలా పట్టుకునే చాలాసేపు కూర్చున్నాడు. లేచి, దూరంగా పోయి, గుసగుసగా ఫోనులో సహాయం అడిగాడు. అటువైపు వాళ్ళు గట్టిగా మాట్లాడమన్నారు. అతను గొంతు పెంచకుండా, అదే గుసగుసతో చోటు మళ్ళీ చెప్పాడు.

స్ట్రెచర్ పట్టుకుని వచ్చిన మనుషులు ఇద్దరు. దగ్గరి దారి గూటి పక్కనుంచే ఉంది. రెయినో ఆ దారికి అడ్డంగా నిలబడి చిత్తడి వైపు చెయ్యి చూపించాడు.

"మోకాలి లోతు బురద పెద్దాయనా. ఇటు నుంచి పోతే ఏమైంది?"

"అక్కడ పెట్ట ఉంది," అన్నాడు రెయినో. "దాన్ని లేపితే ఆవిడకి కోపం వస్తుంది."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆమెను మోసుకుంటూ బురదలోకి దిగారు. వెనక రెయినో ఆమె సంచీ, కెమెరా, నోటు పుస్తకం, విప్పిన ఎడమ బూటూ మోసుకుంటూ నడిచాడు.

వాళ్ళు వెళ్ళాక స్ప్రూస్ కొమ్మకి ఆ ఒంటి మేజోడు మిగిలింది. బూడిదరంగు ఊలు, మడమ దగ్గర ఎర్రదారంతో అల్లిన అతుకు. సగం ఆరింది, వేలి కొస దగ్గర ఇంకా తడి ఉంది.