కంకరలో తాలు

మిరపకాయల్లో తాలు ఏరడంలో వెంకటరావమ్మ ముఠాకు చిలకలూరిపేట చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎదురులేదు. ఎర్రగా నిగనిగలాడే కాయ ఒక పక్కకు, తెల్లబారి సొట్టలు పోయిన తాలుకాయ ఇంకో పక్కకు. కల్లంలో కూర్చున్న పదిమంది ఆడవాళ్ళ చేతులు నోటి మాటలతో నిమిత్తం లేకుండా ఆడుతూనే ఉంటాయి. తాలును పారబొయ్యరు. దానికీ కొనేవాళ్ళున్నారు గనుక వేరే బస్తాకెత్తి, ఇది తాలు అని తెలిసేట్టు మూతికి పాతగుడ్డ పేలిక కడతారు. మంచికాయ పైన పోసి తాలు అడుగున దాచమన్న పాపానికి ఇద్దరు రైతుల కల్లాల్లోంచి వెంకటరావమ్మ తన ముఠాను లేపుకొని వచ్చేసింది. అరవై రెండేళ్ళ ఆ మనిషి సంపాదించుకున్న పేరల్లా అదే.

అందుకే ఏప్రిల్ నెలాఖరులో, కల్లాలు ఖాళీ అయిన రోజుల్లో, కంకర కొట్టే క్రషర్ సూపర్‌వైజర్ నాగేంద్రబాబు మోటార్‌సైకిల్ మీద వచ్చి వాకిట్లో నిలబడి చెప్పిన మాట ఆమెకు వింతగా తోచిందే గాని తప్పుగా తోచలేదు.

"పిన్నీ, నీ ముఠాని తీసుకొని రెండ్రోజులు మా క్రషర్ కాడికి రావాల. కాయల్లో తాలు ఏరినట్టు కంకర్లో తాలు ఏరాల."

"కంకర్లో తాలేందిరా?"

"పలకపలకలుగా ఉండేయి, తెల్లగా పుచ్చిపోయినయి. అయి తీసేసి నల్లటి గట్టిరాయి వేరే కుప్ప పెట్టాల. మన వాగు కల్వర్టు పని మీదే."

వాగు కల్వర్టు అనగానే వెంకటరావమ్మ ఇంకేమీ అడగలేదు.

హైవే పక్కనున్న సర్వీసు రోడ్డు ఆ వాగును దాటే చోట కట్టిన కల్వర్టు కిందటేడు తొలి వానలకే అంచులు రాలి, నడుమ గోతులు పడింది. పత్తి తీసి ఇంటికొస్తున్న ముఠా ఆటో అక్కడే బోల్తా కొట్టింది. ముప్పై ఏళ్ళుగా కల్లంలో వెంకటరావమ్మ పక్కనే కూర్చున్న జైతున్‌బీకి తుంటి విరిగింది. మంచం దగ్గర్నుంచి గడప దాకా చేతికర్రతో నడవడమే ఇప్పుడు జైతున్‌బీ ప్రయాణం. ఆ కల్వర్టును పడగొట్టి మళ్ళీ కడుతున్నారు. మళ్ళీ దాని మీదుగానే అందరూ పనికి పోవాలి. ఈసారైనా మంచి రాయి ఏరి వేస్తున్నారు గదా అని వెంకటరావమ్మ సంతోషించింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే తరువాత ఆమెకు తన మీదే రోత పుట్టింది.

క్రషర్‌కు రాయి తీసే ఊరి వెనక కొండ చెడ్డది కాదు. దాని అడుగు పొరల్లో ఇనుములాంటి నల్లరాయి ఉంది. అంత దగ్గర అంత మంచి రాయి ఉండగా ఎక్కణ్ణుంచో లారీల్లో తోలించుకోవడం తెలివైన పని కాదని ఎవరైనా ఒప్పుకుంటారు. అయితే అడుగుకు చేరాలంటే పైనున్న పుచ్చుపొరను తవ్వి పారబొయ్యాలి. అది పారబొయ్యడానికి మనసొప్పని పెద్దమనుషులు ఆ పుచ్చునే మరలో వేసి, నలగ్గొట్టి, తాటిచెట్టంత ఎత్తున కుప్ప పోయించారు. ఆ కుప్ప నీడలో ముఠా రెండు రోజులు కూర్చుంది. బూడిదలాంటి దుమ్ము కనురెప్పల మీద పేరింది. మూత తియ్యగానే అన్నం మీద పడింది. మజ్జిగ తాగితే పళ్ళ మధ్య కరకరలాడింది. ఉమ్మితే సిమెంటు నీళ్ళు పడ్డాయి.

"పెద్దమ్మా, ఈ తాలుకి గుంటూరు మిర్చి యార్డులో ఏ పేరు పెడతారో?" అని జైతున్‌బీ కోడలు షమా నవ్వించింది.

"నీ పేరే పెడతార్లే, ఏరవే ముందు!"

అలవాటు చొప్పున పుచ్చురాయిని కూడా వాళ్ళు బస్తాలకెత్తి మూతులకు పేలికలు కట్టారు. నల్లరాయి కుప్ప ఒక ట్రాక్టరు ట్రక్కుకు సరిపడా అయింది. నాగేంద్రబాబు దానిమీద నీళ్ళ ట్యాంకరు పెట్టించి, పెళ్ళికూతురికి తలంటినట్టు కడిగించాడు.

రెండో రోజు మధ్యాహ్నం వెంకటరావమ్మ నడుం పట్టుకొని లేచి పెద్దకుప్ప వైపు చెయ్యి చూపింది. "రేప్పొద్దున దాని మీద పడతాం. ఇంకో పదిమందిని తేవాలేమో."

నాగేంద్రబాబు నవ్వాడు. "దాన్నెందుకు పిన్నీ ఏరడం? అది కల్వర్టుకి."

"మరి మేం ఏరింది?"

"ఇది మచ్చు. లాబ్‌కి తీసుకుపోడానికి మేడం వస్తంది. మచ్చంటే ఏందో నీకు నేను చెప్పాలా?"

"అంటే కల్వర్టులో పడేది ఈ పుచ్చేనా?"

"కిందటేడు పడింది కూడా అదేగా! అప్పుడు మచ్చు మేమే ఏరుకున్నాం. రెండుసార్లు తిప్పి పంపారు. అందుకే ఈసారి పనితనం ఉన్నోళ్ళని పిలుద్దామని మా సారుకి నేనే చెప్పా. నీ పేరే చెప్పా పిన్నీ!"

మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు అతను. వెంకటరావమ్మకు అన్నం ముద్దలో బల్లి కనబడినట్టయింది. ముప్పై ఏళ్ళ తన చేతి నేర్పును, తన స్నేహితురాలి తుంటి విరగ్గొట్టిన మోసానికి మెరుగు పెట్టడానికి అరువు తెచ్చుకున్నారు. ఆ సంగతి దాచాలన్న సిగ్గయినా వీడికి లేదు.

ఆమె నోరు తెరిచేలోగా జీపు వచ్చి ఆగింది. తనిఖీ సంస్థ ఇంజనీరు శ్రీదివ్య దిగింది. పాతికేళ్ళ పిల్ల; తలమీద తెల్ల హెల్మెట్, చేతిలో కాగితాల అట్ట. "రండి మేడం, అంతా రెడీగా పెట్టాం" అంటూ నాగేంద్రబాబు కొబ్బరిబోండాం అందించాడు. ఆ పిల్ల కడిగిన చిన్నకుప్పను చూసింది. వెనకున్న పెద్దకుప్పను చూసింది. తరువాత తల దించుకొని కాగితంలో తేదీ వేసింది. ఆమె చూసిందనీ, చూడనట్టు ఉండబోతోందనీ వెంకటరావమ్మకు తెలిసిపోయింది.

"లేవండే!" అని వెంకటరావమ్మ తన ముఠా మీద కేకవేసింది. "తట్టలెత్తండి. ఏరిందంతా తీసుకుపోయి పెద్దకుప్పలో కలిపెయ్యండి."

ఆడవాళ్ళు తెల్లబోయారు. "రెండ్రోజులు ఎండలో పడి ఏరాం గదా పెద్దమ్మా!" అంది షమా.

"ఏరింది మనవే, కలిపేదీ మనవే. మీ అత్త పడ్డ గోతిలో పోసేది ఈ పుచ్చేనంట. మంచిరాయి చూపించి పుచ్చు పొయ్యడానికంట మన చేతులు!"

షమా ముఖం మారింది. అందరికన్నా ముందు తట్ట ఎత్తింది ఆమే. ఆ వెనక మిగతావాళ్ళంతా కదిలారు. కడిగిన నల్లరాయి తట్టలు తట్టలుగా పోయి పుచ్చులో పడింది. పేలికలు విప్పిన బస్తాలు దాని మీద కుమ్మరించారు. పారలతో ఆ పక్కంతా కలియదిప్పారు.

"ఏయ్ పిన్నీ, మతి పోయిందా? ఈ చుట్టుపక్కల ఎక్కడా నీకు పని దొరకనియ్యను!"

"దొరక్కపోతే మానె. అవతలికి పోరా! మీ అమ్మ దగ్గరికి పోయి చెప్పమంటావా, నీ కొడుకు రాళ్ళకి స్నానాలు చేయిస్తన్నాడని?"

కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వెంకటరావమ్మ నవ్వలేదు. ఇంజనీరు పిల్ల ముందు నిలబడింది.

"అమ్మాయ్, అక్షరమ్ముక్క రానివాడు కూడా కాయ కొనేటప్పుడు బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు కాయ తీసి చూస్తాడు. నువ్వు చదువుకున్నదానివి. నీ చెయ్యి ఎక్కడ పెడతావో పెట్టు."

శ్రీదివ్య కొబ్బరిబోండాం కింద పెట్టింది. పెద్దకుప్ప చుట్టూ తిరిగి నాలుగు పక్కలా, పైనా కిందా పారతో తీయించింది. ఒక తెల్లరాయిని వేళ్ళ మధ్య నొక్కితే పిండి రాలింది.

"ఇంత అధ్వాన్నంగా ఉందని తెలీదండీ" అంది నెమ్మదిగా.

"తెలీదా, చూళ్ళేదా?"

ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. సంచులకు సీలు వేసి, సాక్షి సంతకానికి కాగితం చాపింది. వెంకటరావమ్మ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పేరంతా రాసింది.

పదిరోజులకు సంగతి తెలిసింది. రాయి పరీక్షలో పోయింది. కల్వర్టుకు అడుగుపొర రాయే వాడాలని కాగితం వచ్చింది. వెంకటరావమ్మ ఆ కబురు జైతున్‌బీకి స్వయంగా చెప్పడానికి పోయింది. ఇల్లు రోడ్డు వారనే. గడపలో కూర్చున్న జైతున్‌బీ ఆమె చెయ్యి పట్టుకొని, "గట్టిరాయేనా అక్కా? నువ్వు చూశావా?" అని రెండుసార్లు అడిగింది.

"చూశా. నల్లగా ఉంది. పునాదిలో పోస్తన్నారు."

ఆ మాట పూర్తికాకుండానే దుమ్ము రేపుకుంటూ వరసగా మూడు టిప్పర్లు వచ్చాయి. వాటి నిండా తెల్లబారిన పుచ్చుకంకర. వెంకటరావమ్మ రోడ్డు మీదికి పోయి చెయ్యి అడ్డం పెట్టింది. ముందు బండి డ్రైవర్ సిలార్, ఊరివాడే, బ్రేకు వేశాడు.

"ఎక్కడికిరా ఇది?"

"అద్దంకి అవతల ఏదో ఊరి రోడ్డుకంట పెద్దమ్మా. అక్కడైతే లాబూ లేదు, మేడమూ లేదు" అని పళ్ళికిలించాడు.

పుచ్చని తెలిసి, పుచ్చని కాగితం మీద రాసి, దాన్ని అడగనివాళ్ళ ఊరికి తోలుతున్నారు. వెంకటరావమ్మ నోట్లో మళ్ళీ ఆ సిమెంటు నీళ్ళ రుచి ఊరింది. రోడ్డు పక్కన ఉమ్మింది.

"పోనీలే అక్కా" అని గడపలోంచి జైతున్‌బీ పిలిచింది. "మన కల్వర్టుకి మంచిది పడింది గదా."

"అక్కడ మాత్రం ఆటోలు తిరగవా జైతూ? ఆ ఊళ్ళో చెప్పాలిగా!"

ఆమె చీరకొంగు నడుముకు దోపింది. టిప్పరు మెట్టు మీద కాలు పెట్టి తలుపు లాగింది. సిలార్ కంగారుగా సీటు మీది తువ్వాలు తీసి చోటిచ్చాడు.

"నిన్నెక్కడ దించాలి పెద్దమ్మా?"

"రాయి ఎక్కడ దించుతావో అక్కడ."